సారక్క పళ్ళెం

ఒకటో రోజు

పళ్ళెం సారక్కది. పరుపు వేసింది ఓదెలు. మెత్తదనం బొటనవేలితో చూశాను. సరిగ్గా ఉంది.

ఇంతే రాసి ఇస్తే డాక్టర్ నసీం పుస్తకం తిప్పి నా ముందే పెట్టింది. "కాకా, ఏం జేసినవో, ఏం జూసినవో అంతా రాయాలె. రేపు నువ్వు లేకుంటే ఇంకొకలు సదివి పరుపు ఎయ్యాలె" అంది. నేను ఎక్కడికి పోతాను? పైన ఎండకు ఊళ్ళు ఖాళీ అయినప్పుడు ఈ గనిలోకి దిగినవాళ్ళలో నేనొకణ్ణి. జనం కాపురముంటున్న సొరంగాల్లో సగం నా డ్రిల్లుతో తవ్వినవే. డెబ్బై ఒకటి నిండాయి. పోతే ఇక్కడే పోతాను.

సరే, రాస్తున్నాను. నాకు అక్షరాలు నేర్పింది బడి కాదు, గోడల మీది బోర్డులు. ఆగు, ప్రమాదం, తల వంచి నడువు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

నా పని పరుపు వెయ్యడం. గాజు పళ్ళెంలో జిగురు పోసి, గట్టిపడే మందు చుక్కలుగా కలిపి, ఆరనిస్తాను. దాని మీద డాక్టరమ్మ పసివాటిని చల్లుతుంది. ఆమె వాటిని మూలకణాలు అంటుంది. మేము పసివి అంటాం. అవి ఇంకా ఏమీ కాలేదు, చాలా రకాలు కాగలవు. ఏమవుతాయనేది సగం ఆమె పోసే మందులు చెబుతాయి, సగం నా పరుపు చెబుతుంది. మరీ మెత్తగా ఉంటే నరాల దారి పడతాయి. కాస్త బిగువుగా ఉంటే కండ అవుతాయి. గట్టిగా ఉంటే ఎముక. పరుపు తప్పితే ఎంత మందు పోసినా మాట వినవు.

ఎంత బిగువు అనేది నా ఒంటి మీదే ఉంది. చెంప నొక్కితే ఎలా ఉంటుందో అది మెదడు పరుపు. బొటనవేలి మొదట్లో అరచేతి కండ ఎలా ఉంటుందో అది గుండె పరుపు. నుదురు ఎలా ఉంటుందో అది ఎముక పరుపు. ముందు ఒళ్ళు నొక్కుకుని, తర్వాత పరుపు నొక్కి చూస్తాను.

గదిలో ముల్లు యంత్రం ఉంది. పరుపు కొస మీద సూది ఆనిస్తే అంకె చూపిస్తుంది. నేను ఈ పనిలో ఉన్న పందొమ్మిదేళ్ళలో అది పన్నెండుసార్లు రిపేరుకు పోయింది. నా వేలు ఒక్కసారీ పోలేదు.

ఈ రోజు నసీం ఆ యంత్రాన్ని బల్ల మీదికి తెచ్చింది. "కాకా, ఈసారికి ముల్లు పెట్టి సూద్దామా?"

"నా బిడ్డ పళ్ళేనికి నా ఏలు సాలదా?" అన్నాను.

ఆమె యంత్రాన్ని మళ్ళీ అలమరలో పెట్టేసింది.

సారక్క నా ఒక్క కూతురు. ముప్పై ఎనిమిదేళ్ళు. పైకి పోయి సోలార్ పలకలు తుడిచే పని. పోయిన ఎండాకాలం వడదెబ్బ తగిలి గుండెలో ఒక పక్క కండ చచ్చిపోయింది. ఆమె మూలుగలోంచి తీసిన పసివాటితో అరచేయంత కండ పెంచి అక్కడ అతికించాలి. మూలుగ పలచబడిపోయింది, ఒక్క సిరంజికే వచ్చింది. మళ్ళీ తియ్యాలంటే ఆరు నెలలు ఆగాలి. ఆ గుండె మూడు నెలలకు మించి ఆగదని నసీం నాకు విడిగా చెప్పింది.

రెండో రోజు

పళ్ళెంలో ఇంకా ఏమీ తెలియదు. అన్నీ గుండ్రంగా, ఆవగింజల్లా ఉన్నాయి. కనకవ్వ గంజి మార్చింది. పసివాటికి పోసే నీళ్ళను మేము గంజి అంటాం. కనకవ్వ నాకు మరదలి వరస. నాతో పాటు పద్నాలుగేళ్ళుగా ఇదే గదిలో పని చేస్తోంది, అన్నేళ్ళుగా వెక్కిరిస్తూనే ఉంది.

"నీ బిడ్డ గుం..." అనబోయి నేను చూసిన చూపుకు నోరు మూసుకుంది. పసివి తమ దారి ఎంచుకునే వరకు గదిలో ఆ అవయవం పేరు ఎవరూ అనకూడదు. 'సారక్కది' అనాలి, 'ఫలానా వాళ్ళది' అనాలి. పద్నాలుగో రోజున ఇంటివాళ్ళను పిలిచి, వాళ్ళ ఎదుట పరుపు వేసినవాడే మొదట ఆ పేరు చెప్పాలి. ఇది డాక్టర్లు పెట్టిన నియమం కాదు, మేము పెట్టుకున్నది. నసీం కూడా పాటిస్తుంది.

షిఫ్టు దిగి ఇంటికి పోయేసరికి సారక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నీళ్ళ వరసలో నిలబడి వచ్చిందట. నాలుగు అడుగులకోసారి ఆగిందట.

"ఎవలు పొమ్మన్నరే నిన్ను?"

"ఎవలు పోతరు మరి? నువ్వు పోతే వరసల ఉన్నోళ్ళందరితోని కొట్లాట వెట్టుకుంటవ్."

జొన్న గటక నేనే వండాను. వేడి గిన్నె పట్టుకుని దించుతుంటే సారక్క ఒక్కసారి అరిచింది. "బాపూ, నీ ఏలు! కాలుతాంది!"

చూస్తే బొటనవేలు గిన్నె అంచుకు అంటుకుని ఉంది. తోలు తెల్లగా ఉబ్బింది.

"సురుకు తెలుస్తలేదా నీకు?"

"ముప్పయ్యేండ్లు డ్రిల్లు వట్టిన చేతులివి. మీ అసొంటి పూల చేతులు గావు."

ఆమె నవ్వలేదు. నా వేలు వంకే చూస్తూ తింది.

మూడో రోజు

అయిదో గనిలో జ్వరాలట. నసీం అక్కడికి వెళ్ళింది. లిఫ్టు బోను ఎక్కే ముందు నన్ను పక్కకు పిలిచింది.

"కాకా, రోజూ భూతద్దంల సూడు. ఎనిమిదో రోజు దాటకముందు ఏ జర అనుమానం ఉన్నా నాకు ఫోను గొట్టు. ఇంకో పరుపు మీదికి మారుద్దాం. పసివి మర్లుతయి. ఎనిమిది దాటితే మాత్రం, మెత్తటి పరుపు మీద ఏసినా పాత పరుపునే యాది వెట్టుకుంటయి. పట్టిన దారి ఇడువయి."

"నాకు జెప్తానవా?" అన్నాను.

"నీకే జెప్తాన్న" అంది.

నాలుగో రోజు

భూతద్దంలో చూశాను. నాకు నచ్చలేదు.

కండ దారి పట్టే పసివి నాలుగో రోజుకు సన్నగా సాగి, అన్నీ ఒకే దిక్కుకు తల పెట్టి పడుకుంటాయి. దువ్విన జుట్టులా కనిపిస్తాయి. వీటిలో కొన్ని అలాగే ఉన్నాయి. ఎక్కువ మాత్రం నాలుగు వైపులా కాళ్ళు చాపి, పెనం మీద పోసిన పిండిలా వెడల్పుగా పరుచుకున్నాయి. గట్టి పరుపు మీద అలా పరుచుకుంటాయి.

పరుపు వేసినప్పుడు ఒక అంచు నుంచి వేలెడు ముక్క కోసి డబ్బాలో దాచుకోవడం మా పద్ధతి. దాన్ని కొస ముక్క అంటాం. పళ్ళెం పని పూర్తయ్యే వరకు పారెయ్యం. డబ్బా తీసి ఆ ముక్కను బొటనవేలితో నొక్కాను. ఏమీ తెలియలేదు. మెత్తగా ఉందో గట్టిగా ఉందో కాదు, అక్కడ ఏదైనా ఉందో లేదో కూడా తెలియలేదు.

ఇది ఈ రోజు మొదలైంది కాదు. డ్రిల్లు అదురు తిన్న చేతులు రెండేళ్ళ నుంచి తెల్లబడుతున్నాయి. ఏడాది నుంచి బొటనవేలికి స్పర్శ పోతూ వస్తోంది. పరుపు నొక్కినప్పుడు ఇన్నాళ్ళూ చేతికి తెలిసిందనే అనుకున్నాను. కలపడం అలవాటు కాబట్టి సరిగ్గానే వచ్చేవి. ఈసారి నా బిడ్డదని రెండుసార్లు చూసుకున్నాను. వేలికి మెత్తగా అనిపించి ఇంకో నాలుగు చుక్కల మందు కలిపాను.

కొస ముక్కను పెదవికి ఆనించాను. పెదవికి ఇంకా తెలుస్తుంది. తర్వాత అరచేతి కండను పెదవికి ఆనించాను. రెండూ ఒకటి కావు. ముక్క చాలా గట్టిగా ఉంది.

డబ్బాలో ఉండి ఎండిపోయి ఉంటుంది. మూత వదులుగా ఉంది. అదే అయి ఉంటుంది.

కనకవ్వ వెనక నుంచి "ఏంది బావా, పరుపు ముక్కకు ముద్దువెడ్తానవా?" అంది.

"నీ పని నువ్వు సూస్కో" అన్నాను.

ఆరో రోజు

పరుచుకున్నవి ఇంకా పెరిగాయి. సన్నగా సాగినవి ఒక మూలన మాత్రమే ఉన్నాయి. దారి పడుతున్నప్పుడు అటూ ఇటూ ఉంటాయి కదా, సర్దుకుంటాయి అనుకున్నాను.

అలమర దాకా వెళ్ళాను. ముల్లు యంత్రం తీసి బల్ల మీద పెట్టాను. కొస ముక్క మీద ఆనించడానికి ఒక్క నిమిషం పట్టదు. అప్పుడే కనకవ్వ గంజి కుండతో వచ్చింది. నన్ను, యంత్రాన్ని చూసి ఆగిపోయింది.

"ఏమైంది బావా? ఏలు పని జేస్తలేదా?"

నవ్వుతూనే అంది. రోజూ ఏదో ఒకటి అంటుంది. నేను యంత్రాన్ని తుడిచి మళ్ళీ లోపల పెట్టేశాను. "దుమ్ము వడ్డది" అన్నాను.

ఏడో రోజు

నసీం అయిదో గని నుంచి ఫోను చేసింది. గొంతు పోయి ఉంది. అక్కడ నిన్న ముగ్గురు చనిపోయారట.

"కాకా, సారక్కది ఎట్లున్నది?"

తీగలో గరగర వస్తోంది. కనకవ్వ పక్కనే ఉంది. అటు నుంచి నసీం "వినవడ్తాందా?" అని రెండుసార్లు అడిగింది.

"మంచిగున్నది" అన్నాను.

"అల్లా దయ. నువ్వున్నవని నాకు దాని గురించి రంది లేదు కాకా."

ఫోను పెట్టేశాక కనకవ్వ "నాకు జర అద్దమియ్యి, నేన్ సూస్త" అంది. ఇవ్వలేదు. గంజి పోసేదానికి అద్దంతో ఏం పని అన్నాను. చాలా మాటలు పడింది నా దగ్గర ఇన్నేళ్ళూ, ఎప్పుడూ తిరిగి అంటించేది. ఈ రోజు మాత్రం కుండ తీసుకుని వెళ్ళిపోయింది.

ఎనిమిదో రోజు

గంజి మార్చాం. ఇంకేమీ రాయడానికి లేదు.

పైన రాసింది అబద్ధం. షిఫ్టు మొత్తం ఫోను పక్కనే కూర్చున్నాను. రెండుసార్లు చెయ్యి పెట్టి తీశాను. షిఫ్టు గంట మోగింది. ఇంటికి పోయాను. సారక్క నా కోసం గటకలో ఉల్లిగడ్డ వేసి ఉంచింది. తినలేదు.

పదో రోజు

నసీం వచ్చింది. మొహం పీక్కుపోయింది. చెప్పులు కూడా విప్పకుండా నేరుగా పళ్ళెం దగ్గరికి వెళ్ళి భూతద్దంలో చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నా డబ్బా తీసుకుని, కొస ముక్క మీద ముల్లు పెట్టింది. గుండె పరుపుకు పన్నెండు దాటకూడదు. నలభై ఒకటి చూపించింది.

"ఎండింది గావచ్చు" అన్నాను. ఆ మాట నా నోట్లో ముందే తయారుగా ఉంది.

ఆమె పళ్ళెంలోనే ఒక మూల సూది ఆనించింది. పసివి చెడతాయని ఎప్పుడూ అలా చెయ్యరు. నలభై.

"కాకా, చెయ్యి ఇయ్యి" అంది.

ఇచ్చాను. "కండ్లు మూసుకో, సూది గుచ్చినప్పుడు జెప్పు" అంది. మూసుకున్నాను. కాసేపటికి "ఎప్పుడు గుచ్చుతవమ్మా?" అన్నాను. కళ్ళు తెరిచాను. బొటనవేలి మీద మూడు చోట్ల రక్తపు చుక్కలు ఉన్నాయి.

ఆమె నన్ను తిట్టలేదు. యంత్రంతో కొలిచి కొత్త పరుపు తనే వేసింది. పసివాటిని మెల్లగా లేపి దాని మీదికి మార్చింది. "మర్లుతయా?" అని కనకవ్వ అడిగింది. నసీం చేతులు కడుక్కుంటూ "సూద్దాం" అంది.

పదమూడో రోజు

కొత్త పరుపు మెత్తగా ఉంది. పసివి దాన్ని పట్టించుకోలేదు. పాత పరుపు మీద ఎలా పరుచుకున్నాయో అలాగే పరుచుకుని ఉన్నాయి. అద్దంలో అక్కడక్కడా తెల్లటి నలుసులు కనిపించాయి. సున్నం. ఇక వాటిని పసివి అనకూడదు.

పద్నాలుగో రోజు

నసీం నాతో "నేను జెప్త కాకా, నువ్వు ఇంటికి పో" అంది. వద్దన్నాను. పరుపు వేసినవాడే చెప్పాలి. ఇన్నేళ్ళలో రెండు వందల మంది ఎదుట చెప్పాను. లివరు అన్నాను, చర్మం అన్నాను, కన్ను పొర అన్నాను. ఆ మాట అనగానే ఇంటివాళ్ళు నా చేతులు కళ్ళకు అద్దుకునేవారు. నేను ఛాతీ విరుచుకుని నిలబడేవాణ్ణి.

సారక్కను కుర్చీలో కూర్చోబెట్టి కనకవ్వ, నసీం మోసుకొచ్చారు. కొత్త చీర కట్టుకుని వచ్చింది. పెదవులు నీలంగా ఉన్నాయి. పళ్ళెంలోకి తొంగి చూసి, "కొట్టుకుంటలేదేంది? ఇయ్యాల కొట్టుకుంటదన్నవు గదా?" అంది.

నేను నిలబడ్డాను. 

"ఎముక" అన్నాను.

  సారక్క నా వైపు చూసింది. తర్వాత నా బొటనవేలి వైపు చూసింది. గిన్నెకు కాలిన చోట తోలు ఊడిపోయి ఎర్రగా ఉంది.

"ఎప్పుడు ఎర్కయింది బాపు నీకు?"

"నాలుగో రోజు."

"ఎన్మిదో రోజుదాక మార్చస్తదని డాక్టరమ్మ నాకు గూడ జెప్పింది."

"అవు."

"అయినా ఫోను గొట్టలే."

"కొట్టలే."

కనకవ్వ అటు తిరిగి ఏడుస్తోంది. "ఆ పొద్దు నేను ఏలు పని జేస్తలేదా అని నవ్వకుంటే ఫోను గొట్టేటోడేమో, పాపపుదాన్ని" అంటోంది.

"నీదేంలేదు కనకవ్వ చిన్నమ్మా" అంది సారక్క. ఊపిరి అందక మధ్యలో ఆగి ఆగి మాట్లాడింది. "మా బాపు గట్టి మనిషి. నేనూ ఆయన చేతుల మీదనే పెరిగిన. వడదెబ్బ తాకిన నాడు కండ్లు తిరుగుతానయని తెలిసి గూడ, పలకలన్ని తుడిసే దిగిన. దిగుమని కిందికెల్లి పిలుస్తనే ఉన్నరు."

తర్వాత నన్ను అడిగింది. "రాసినవా పుస్తకంల? నాలుగో రోజుది?"

"రాసిన."

"కొట్టెయ్యకు."

పదహారో రోజు

నన్ను పరుపు పనిలో నుంచి తీసేశారు. ఎవరో తియ్యలేదు, నేనే నసీంకు డబ్బా, గరిట ఇచ్చేశాను. పుస్తకం మాత్రం నా దగ్గరే ఉంచమంది. పళ్ళెం పని పూర్తి కాలేదు, అయ్యేదాకా రాయాలి అంది. ఎముకైనా పెరగనిద్దాం, వృథా పోనివ్వం అంది. సరే అన్నాను.

ముప్పై ఒకటో రోజు

పొరలు కలిసి బిళ్ళ కట్టింది. అరచేయంత. ఇంట్లో నీళ్ళ వరసకు నేనే పోతున్నాను. ఎవరితోనూ కొట్లాడటం లేదు. సారక్కకు చెబితే నమ్మలేదు.

డెబ్బై నాలుగో రోజు

సారక్క పోయింది. మొదటి షిఫ్టు గంట అప్పుడే మోగింది. నీళ్ళు తాగుతానంది. గ్లాసు పట్టుకుని తల ఎత్తి పట్టించాను. ఆమె మెడ కింద పెట్టిన చేతికి ఆమె ఒంటి వెచ్చదనం తెలియలేదు. ఎప్పుడు పోయిందో కూడా చేతికి తెలియలేదు. గ్లాసులో నీళ్ళు తగ్గకపోతే చూశాను.

డెబ్బై తొమ్మిదో రోజు

నసీం కబురు పంపితే గదికి వచ్చాను. ఆరో సొరంగంలో పైకప్పు పెళ్ళ ఊడిపడి ఒక తవ్వకం మనిషికి నుదురు చితికింది. నలుగురు పిల్లలవాడు. బిళ్ళను ఏడు నీళ్ళలో కడిగి, సారక్క కణాలు ఒక్కటీ లేకుండా తీసేశారు. ఇక అది ఎవరికైనా పనికొస్తుందట. రేపు అతని నుదుట అతికిస్తారు.

"లోపల పగులు ఉన్నదో లేదో యంత్రం సరిగ్గా జెప్తలేదు కాకా. నువ్వు తవ్వకంల ఉన్నప్పుడు కప్పును కర్రతోని తట్టి, సప్పుడు విని జెప్పేటోడివట గదా. జర సూడు" అంది.

వేలికి తెలియదు కానీ చెవులు ఇంకా పని చేస్తాయి. బిళ్ళను దారానికి వేలాడదీసి, గోటితో తట్టాను. నాలుగు మూలలా, నడి మధ్యలో. పగులుంటే మొద్దుగా వినిపిస్తుంది. బోలుగా ఉంటే డొల్ల మోత వస్తుంది. ఇది గట్టి రాయి పైకప్పులా ఖంగుమంది. పందొమ్మిదేళ్ళలో ఎముక పరుపులు చాలా వేశాను. వాటిలో ఏదీ ఇంత బాగా రాలేదు.

కనకవ్వ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఆఖరి వరస నేనే రాయాలంది. నా తర్వాత పరుపు వేసేది ఆమేనట. ముల్లు యంత్రం నేర్చుకుంటోంది. ఈ పుస్తకం కూడా చదువుతుంది.

పళ్ళెం సారక్కది. పరుపు వేసింది ఓదెలు. ఎముక. తట్టి చూశాను. సరిగ్గా ఉంది.